కొండచిలువ పిల్ల దొరికిందా? ఇంటికి తెచ్చుకోకండి!

* పెంచితే మూడు నుంచి ఏడేళ్ల జైలు
* రక్తపింజరను చూసి పొరపడితే ప్రాణాలకే ముప్పు
* విదేశీ జాతులకు నమోదు తప్పనిసరి
* చట్టబద్ధంగా పెంచేవారు పాటించవలసిన జాగ్రత్తలు

నాయుడుపేట: ఎడగారు వరి కోతల వేళ గట్ల మీద, స్వర్ణముఖి ఒడ్డున తుమ్మ పొదల్లో, చెరువు కట్టల రాతి సందుల్లో మూరెడు పొడవున మెరుస్తూ కనిపించే పాము పిల్ల ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. పసుపు, గోధుమ వన్నెల మచ్చలతో ముచ్చటగా ఉంటుంది. బుస కొట్టదు, పడగ విప్పదు. 'కొండచిలువ పిల్ల, విషం లేదు, ఏమీ చేయదు' అని ఎవరో ఒకరు అంటారు. కుర్రకారు దానిని ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇంటికి తీసుకువెళతారు. కప్పనో, ఎలుకనో వేసి నాలుగు రోజులు పెంచుదామనుకుంటారు. సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసి నలుగురికీ పంపుతారు. ఇందులో ఎవరికీ చెడు తలంపు ఉండదు. అయితే ఆ నాలుగు రోజుల ముచ్చటలో మూడు ప్రమాదాలు దాగి ఉన్నాయి. మొదటిది, అది కొండచిలువ కాకపోవచ్చు. రెండవది, కొండచిలువే అయితే దానిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. మూడవది, ఆ పిల్ల ఆ డబ్బాలో బతకకపోవచ్చు.

రెండింటి పేరూ 'పొడే'

కొండచిలువ పిల్లకు, రక్తపింజరకు మధ్య పోలిక ఈనాటి గందరగోళం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములపై 1796లో ఒక గ్రంథం వెలువరించారు. పాములకు స్థానికులు పిలిచే తెలుగు పేర్లనే ఆయన అందులో నమోదు చేశారు. కొండచిలువను 'పెద్ద పొడ' అని, రక్తపింజరను 'కాటుక రేకుల పొడ' అని రాశారు. పొడ అంటే మచ్చ. రెండింటి ఒంటి మీదా మచ్చలు ఉండటంతో జనం రెండింటినీ ఒకే మాటతో పిలిచారు. ఆంగ్లంలో రక్తపింజర ఆ వైద్యుడి పేరుతోనే నేటికీ వ్యవహారంలో ఉంది.

గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన కొండచిలువ పిల్ల సుమారు ఒకటిన్నర నుంచి రెండు అడుగుల పొడవు ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి మూడు, నాలుగు అడుగులకు ఎదుగుతుంది. పెద్ద రక్తపింజర పొడవు కూడా దాదాపు అంతే. అందుకే లేత కొండచిలువ అనుకుని చేయి పెట్టినవారు రక్తపింజర కాటుకు గురయ్యే ప్రమాదం ఉంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఆ పిల్లలు పుట్టుకతోనే విషంతో ఉంటాయి. రెండు జాతుల పిల్లలూ వేసవి చివర, వానల తొలినాళ్లలో బయట తిరుగుతుంటాయి.

తేడాలు ఇవి. కొండచిలువ ఒంటి మీది మచ్చలు ఒక క్రమం లేకుండా, అంచులు వంకరగా, మేఘాల్లా పరచుకుని ఉంటాయి. తల మీద బల్లెం మొనను పోలిన గుర్తు ఉంటుంది. పొలుసులు నున్నగా, ఎండలో మెరుస్తూ కనిపిస్తాయి. రక్తపింజర వీపు మీది మచ్చలు మాత్రం గొలుసు కట్లలా మూడు వరుసల్లో, గుండ్రంగానో కోలగానో ఉంటాయి. వాటి అంచున నలుపు, దానిపై తెల్లని గీత కనిపిస్తాయి. తల ముక్కోణంగా, మెడ సన్నగా, పొలుసులు గరుకుగా ఉంటాయి. బెదిరితే కుక్కరు ఈల వేసినట్టు గట్టిగా బుస కొడుతుంది.

ఈ తేడాలు తెలుసుకోవడం మంచిదే. కానీ దగ్గరకు వెళ్లి సరిచూసుకోవడానికి కాదు. సందె చీకటిలో, గడ్డి చాటున, బురద పట్టిన ఒంటిపై ఈ గుర్తులు అనుభవజ్ఞులకు సైతం అందవు. గుర్తు తెలియని మచ్చల పామును విషసర్పంగానే భావించి పది అడుగులు దూరం జరగడమే క్షేమం.

చట్టం ఏమంటోంది?

భారతీయ కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దీనికీ ఉంది. చంపడం ఒక్కటే నేరమనుకుంటే పొరపాటు. పట్టుకోవడం, బంధించడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. చట్టం పరిభాషలో పట్టుకోవడం కూడా వేటే. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలుశిక్ష, 2022 సవరణ ప్రకారం రూ.25 వేలకు తగ్గని జరిమానా పడతాయి.

'నేను పట్టలేదు, మా పెరట్లోకే వచ్చింది' అన్న సమాధానం సరిపోదు. ఈ చట్టం ప్రకారం అలాంటి వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. ఏ విధంగా చేతికి చిక్కినా 48 గంటల్లోగా సమీప పోలీసు స్టేషనుకు గానీ, అటవీ శాఖ అధీకృత అధికారికి గానీ సమాచారం ఇవ్వవలసి ఉంటుంది. ఫొటోలు తీసి ప్రచారం చేసుకునేవారు తమ మీద తామే సాక్ష్యం సృష్టించుకుంటున్నట్టే.

విదేశీ పాముల మాటేమిటి?

నగరాల్లో పెంపుడు పాముల మోజు పెరిగింది. ఆఫ్రికాకు చెందిన 'బాల్ పైథాన్' అనే పొట్టి కొండచిలువను ఇళ్లలో పెంచేవారు ఉన్నారు. బెదిరితే బంతిలా చుట్టుకుని తలను మధ్యలో దాచుకుంటుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. నాయుడుపేటకు చెన్నై వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. ఆ విమానాశ్రయంలో 2023 ఏప్రిల్ 28న కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు, ఒక ఊసరవెల్లి బయటపడ్డాయి. అదే ఏడాది జులైలో తిరుచిరాపల్లి విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి వద్ద 47 కొండచిలువలు, రెండు బల్లులు దొరికాయి. డబ్బాల్లో, సంచుల్లో కుక్కి తెచ్చిన ఇలాంటి పిల్లలే చేతులు మారి పెంపుడు జంతువుల విపణికి చేరుతుంటాయి.

గతంలో విదేశీ జాతుల పెంపకంపై చట్టంలో స్పష్టత ఉండేది కాదు. కేంద్ర ప్రభుత్వం 2020లో స్వచ్ఛంద వెల్లడి పథకం ప్రకటించింది. తర్వాత వచ్చిన 2022 చట్ట సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న విదేశీ జాతులను అది నాలుగో షెడ్యూలులో చేర్చింది. బాల్ పైథాన్ అందులో ఒకటి. 2024 ఫిబ్రవరి చివర వెలువడిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవిని కలిగి ఉన్నవారు 'పరివేశ్' పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలి. కొత్తగా పొందినవారికి 30 రోజుల గడువు ఉంటుంది. పిల్లలు పుట్టినా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. పత్రాలు చూపకుండా 'తర్వాత చేయించుకోవచ్చు' అని అమ్మేవారి మాట నమ్మితే చిక్కుల్లో పడేది కొన్నవారే.

ఎలాంటి గూడు కావాలి?

నమోదు చేసుకుని చట్టబద్ధంగా పెంచేవారికైనా, జంతు ప్రదర్శనశాలల్లో సంరక్షకులకైనా లేత కొండచిలువ విషయంలో సూత్రాలు దాదాపు ఒక్కటే. పాముకు తన ఒంటి వేడిని తానే నిలుపుకునే శక్తి లేదు. వేడి కావలసినప్పుడు వెచ్చని చోటికి, చల్లదనం కావలసినప్పుడు నీడకు జరుగుతుంది. అందువల్ల గూటిలో రెండు వాతావరణాలు ఉండాలి. బాల్ పైథాన్‌కు ఒక మూల 31 నుంచి 33 డిగ్రీలు, మరో మూల 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉంచుతారు. గాలిలో తేమ 60 శాతం దరిదాపుల్లో ఉండాలి.

విదేశీ పుస్తకాలు, వీడియోలు వేడి పుట్టించే దీపాలు, పలకల గురించే ఎక్కువగా చెబుతాయి. అవి చలి దేశాల అవసరాలు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద, కిటికీ పక్కన పెట్టిన గాజు పెట్టె కొద్ది గంటల్లోనే పొయ్యిగా మారుతుంది. పాము తప్పించుకునే చోటు ఉండదు. ఇక్కడ వేడి కంటే చల్లదనం సమకూర్చడమే కష్టం. దీపం వాడితే పాముకు తగలకుండా జాలీ బిగించాలి, థర్మోస్టాట్ అమర్చాలి. లేకుంటే ఒళ్లు కాలుతున్నా పాము పక్కకు జరగకుండా దాని కిందే ఉండిపోయే ప్రమాదం ఉంది.

లేత పాముకు పెద్ద గది పెడితే సంతోషిస్తుందనుకోవడం పొరపాటు. దాక్కునే చోటు లేని విశాలమైన పెట్టెలో పిల్ల పాము భయంతో తిండి మానేస్తుంది. వెచ్చని మూల ఒకటి, చల్లని మూల ఒకటి చొప్పున ఒళ్లు ఆనేంత ఇరుకైన రెండు చాటులు ఉండాలి. మునిగి కూర్చోగలిగే నీటి పాత్ర ఉండాలి. కింద పాత వార్తాపత్రికలు పరిస్తే శుభ్రం చేయడం తేలిక, మలంలో తేడా వచ్చినా, పొలుసుల సందుల్లో పురుగులు చేరినా వెంటనే తెలుస్తుంది. మూతకు గొళ్లెం తప్పనిసరి. తల పట్టే సందు దొరికితే పాము ఒళ్లంతా బయటకు వచ్చేస్తుంది.

ఆహారం: తక్కువే మేలు

పిల్ల కొండచిలువకు వారానికి ఒక ఎలుక సరిపోతుంది. ఆ ఎలుక పాము ఒంట్లో అన్నిటికంటే లావైన భాగమంత మందం ఉంటే చాలు. వయసు పెరిగే కొద్దీ విరామం పెరుగుతుంది. పెద్ద కొండచిలువ ఒక పెద్ద ఆహారం తీసుకుని వారాల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. అందువల్ల పాము రెండు, మూడు వారాలు తినకపోతే కంగారుపడి నోరు తెరిచి కుక్కడం తగదు. నోటిలో గాయమై, చీము పట్టి అసలుకే మోసం వస్తుంది.

బతికున్న ఎలుకను వేయడం పాముకే ప్రమాదం. ఆకలి లేని పామును ఎలుక కొరికి, కళ్లు, వెన్ను గాయపరచగలదు. అందుకే సంరక్షకులు ముందే చంపి గడ్డకట్టించిన ఎలుకను పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి పొడవైన పట్టకారుతో అందిస్తారు. కొండచిలువ పెదవుల అంచున వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. వెచ్చదనం ఉంటేనే దానిని ఆహారంగా గుర్తిస్తుంది. ఎలుకను ముట్టుకున్న చేతితోనే పామును పట్టుకుంటే ఆ చేతినే ఎలుక అనుకుని కరుస్తుందని మరువరాదు. పొలంలో పట్టిన ఎలుకలు మందు తిన్నవి కావచ్చు కనుక వాటిని పెట్టకూడదు. కోడి మాంసం ముక్కలు, పాలు పాముకు ఆహారం కావు. పాముకు పాలు తాగే స్వభావమే లేదు.

కళ్లు నీలి బూడిద రంగులోకి మారి, ఒళ్లు మసకబారితే కుబుసం విడిచే సమయం దగ్గరపడిందని అర్థం. ఆ రోజుల్లో తినదు, చూపు సరిగా ఆనక చికాకుగా ఉంటుంది. అప్పుడు ముట్టుకోకపోవడమే మేలు. తేమ చాలకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. నోరు తెరిచి శ్వాస తీస్తున్నా, ముక్కు వద్ద బుడగలు వస్తున్నా ఊపిరితిత్తులకు జబ్బు చేసిందని గ్రహించి పశువైద్యుడికి చూపించాలి.

పట్టుకోవడంలో మెలకువలు

కొత్తగా వచ్చిన పామును మొదటి వారం ముట్టుకోరాదు. తిన్న తర్వాత కనీసం రెండు రోజులు కదిలించరాదు. కదిలిస్తే తిన్నది కక్కేస్తుంది. అలా పదేపదే జరిగితే ప్రాణం మీదకు వస్తుంది. తల వైపు నుంచి చేయి తేకుండా, పక్క నుంచి నెమ్మదిగా నడుము కింద రెండు చేతులు వేసి ఎత్తాలి. తోక పట్టి వేలాడదీస్తే వెన్నెముక దెబ్బతింటుంది. మెడలో వేసుకోవడం ఏ వయసు పాముతోనూ తగదు. ఆరేడు అడుగులు దాటిన కొండచిలువ దగ్గర ఒక్కరే ఉండరాదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉంటుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు దాని వల్ల తీవ్రమైన విరేచనాలు కలగవచ్చు.

ఇంత శ్రమ ఎన్నాళ్లంటే, బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొన్న కుర్రవాడు చదువు ముగించి, ఉద్యోగానికి వెళ్లి, పెళ్లి చేసుకుని, పిల్లలను బడికి పంపే నాటికి కూడా అది ఆ పెట్టెలోనే ఉంటుంది. ఈ లెక్క ముందుగా వేసుకోనివారే చివరకు దానిని ఏ కాలువ గట్టునో వదిలేస్తారు.

వదిలేస్తే ఏమవుతుంది?

అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలలు ఇందుకు సమాధానం. ఆసియా నుంచి పెంపుడు జంతువులుగా వెళ్లిన బర్మా కొండచిలువలు అక్కడ తప్పించుకునీ, యజమానులు వదిలివేయగానూ అడవిలో చేరి పెరిగాయి. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనంలో ఒకప్పుడు విరివిగా కనిపించిన రకూన్ అనే జంతువుల జాడ 99.3 శాతం తగ్గిందని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అదే ఏడాది ఆ పాముల దిగుమతిని అమెరికా నిషేధించింది. 2023లో అక్కడ 19 అడుగుల ఆడ కొండచిలువ పట్టుబడింది.

ఆ పాములను పట్టడానికి అమెరికా పిలిపించుకున్నది మన పొరుగువారినే. తమిళనాడుకు చెందిన ఇరుల గిరిజనులు మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017 జనవరిలో ఫ్లోరిడాకు వెళ్లి రెండు వారాలు కూడా తిరగకుండానే 13 కొండచిలువలను పట్టించారు. చదువు లేకున్నా, గడ్డి వంగిన తీరు, మట్టి మీది చార చూసి పాము జాడ చెప్పగల ఆ విద్యకు 2023లో పద్మశ్రీ పురస్కారం దక్కింది. పాముల చర్మాల వ్యాపారం మూతపడిన తర్వాత ఇరులలు 1978లో సహకార సంఘం ఏర్పాటు చేసుకుని, పాము కాటు మందు తయారీకి విషం సేకరించి ఇస్తున్నారు. మన నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల యానాదులకు కూడా పొలం ఎలుకల బొరియలు, వాటిలో చేరే పాముల గురించి తరతరాల ఎరుక ఉంది.

రైతుకు అది కూలి అడగని కాపలాదారు

ఎలుకలు, పందికొక్కులు వరి చేనుకు చేసే చేటు రైతుకు చెప్పనక్కరలేదు. కొండచిలువ వాటిని తింటుంది. ఆడ కొండచిలువ వేసవిలో గుడ్లు పెట్టి, సుమారు రెండు నెలలు వాటి చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చల్లదనం పెరిగితే కండరాలను వణికించి గుడ్లకు వేడి పుట్టిస్తుంది. ఆ కాలంలో దాదాపు తిండి ముట్టదు. పిల్లలు వెలువడిన తర్వాత వాటిని సాకదు. ఎవరి దారిన అవి పోతాయి. కనుక ఒంటరిగా కనిపించిన పిల్ల తల్లి తప్పిపోయిన పసిగుడ్డు కాదు. దానికి మన ఆసరా అక్కరలేదు. భూమి చదును చేసేటప్పుడు పొక్లెయిన్‌కు గుడ్లు బయటపడితే పని ఆపి అటవీ సిబ్బందికి తెలియజేయాలి.

కనిపిస్తే ఏం చేయాలి?

* పొలంలో, గట్టు మీద కనిపిస్తే దాని దారిన పోనివ్వండి. రాళ్లు వేయవద్దు, చుట్టుముట్టవద్దు.

* ఇంట్లో, కోళ్ల గూటిలో చేరితే పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచండి. ఒకరు దూరం నుంచి కనిపెట్టి ఉండగా మరొకరు అటవీ శాఖ కార్యాలయానికి గానీ, 112కు గానీ ఫోన్ చేయండి.

* కోడిని మింగిన కొండచిలువను లాగవద్దు, కొట్టవద్దు. కోడి తిరిగి బతకదు, పాము పోతుంది, కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

* నైలాన్ వలలో చిక్కుకుంటే లాగితే వల పొలుసుల్లోకి దిగుతుంది. నీడ పడేలా గోనెపట్టా కప్పి సిబ్బంది వచ్చే వరకు ఆగండి.

* ఇప్పటికే ఇంటికి తెచ్చి ఉంటే ఆహారం పెట్టవద్దు, మరో చోట వదలవద్దు. గాలి రంధ్రాలున్న డబ్బాను నీడలో ఉంచి వెంటనే సమాచారం ఇవ్వండి.

* ఏ పాము కరిచినా కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి 108లో ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ అక్కడ ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. పామును పట్టి తీసుకురావలసిన పని లేదు.

పిల్లలకు కొండచిలువను దగ్గరగా చూపించాలన్న కోరిక ఉంటే 1972 నుంచి చెన్నై గిండీలో నడుస్తున్న పాముల పార్కుకు తీసుకెళ్లవచ్చు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. గట్టు మీద దొరికిన పిల్లను మాత్రం గట్టు మీదే వదిలేయాలి.